మగ్గని ఈతకాయలు

మొన్న నెల్లూరు మార్కెట్లో ఒకామె గంపలో ఈతపండ్లు పెట్టుకుని కూర్చుంటే, పులిసిన బెల్లం లాంటి వాసన ముందు తగిలింది, పండు తర్వాత కనబడింది. పావుకిలో కొని ఒకటి నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది గానీ, ఆ తీపి అడుగున మాకు తెలిసిన ఉప్పు లేదు.

అరవైల్లో, బోగోలు దగ్గర సముద్రానికి కోసెడు దూరంలో ఉన్న మా ఊళ్ళో, రోహిణీ ఎండలు విరిగి నాలుగు చినుకులు పడేసరికి ఇసుకదిబ్బల మీది ఈతగెలలు పసుపుకు తిరిగేవి. మా నాయనమ్మ, మేం జేజి అనేవాళ్ళం, కొడవలి కట్టిన గెడతో వాటిని దోరగా ఉండగానే లాగేది. ముల్లు గుచ్చుకోకుండా గెల కోయడం ఊళ్ళో తనకొక్కదానికే వచ్చని ఆమె నమ్మకం. చేతుల నిండా గీతలుండేవి, అది వేరే సంగతి. గెలల మీద ఉప్పునీళ్ళు చిలకరించి, వరిగడ్డి పరిచిన కుండలో దించి, మూతికి గుడ్డ కట్టి వంటింటి మూల పెట్టేది.

"మూడు దినాలు గుడ్డ విప్పబాకండి. లోపలి కాక బయటికి పోయిందంటే కాయ కాయగానే ఉంటది."

ఆ ఏడు మా అక్క ఐదో నెల కడుపుతో మద్రాసు నుంచి నాలుగు రోజులకని వచ్చింది. వచ్చీ రాగానే ఈతపండ్లు కావాలంది. కడుపుతో ఉన్నామె కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవి కారుతుందని మా వైపు నమ్మేవాళ్ళు, తొమ్మిదేళ్ళ నేను అందరికన్నా గట్టిగా నమ్మాను. జేజి ఆ పూటే కుండ పెట్టింది. అయితే నమ్మకం ఒక దారి, నాలుక ఒక దారి. ఇంట్లో అందరూ కునుకు తీసే మధ్యాహ్నం గుడ్డ విప్పి, వెచ్చగా చెమ్మగా తగిలే కాయల్లో మెత్తబడినవి వెతికి రెండు తిని, మళ్ళీ కట్టేశాను. మర్నాడూ అంతే.

నాలుగో రోజు పొద్దున, రైలుకు బండి కట్టాక, జేజి కుండ విప్పింది. కాయలు పసుపుగానే ఉన్నాయి. అక్క ఒకటి కొరికి, వగరు మింగి, "బాగుండాయి జేజీ" అని ఇంకోటి తీసుకుంది. నేను ఏడ్చాను. అక్క పోతోందని ఏడుస్తున్నాననుకున్నారు.

పుట్టిన పిల్లవాడికి ఏడాది తిరక్కముందే కుడిచెవి కారింది. ఆ చెవి సరిగా వినబడకుండానే వాడు పెద్దవాడయ్యాడు. నేను సైన్సు టీచరునై, చెవి ఎందుకు కారుతుందో పిల్లలకు పాఠం చెప్పి కూడా, వాడి పక్కన కూర్చోవలసి వస్తే ఆ చెవి కంటబడకుండా ఎడమవైపే కూర్చునేదాన్ని. తప్పు చేసినదాన్ని, ఎంత చదివితే మాత్రం ఏం లాభం.

ఇప్పుడు ఆ దిబ్బల్ని చదును చేసి రొయ్యల గుంటలు తవ్వారు. ఈతచెట్లు పోయాయి, జేజి ఎప్పుడో పోయింది. ఎనభైకి దగ్గరపడిన అక్క మాత్రం ఉంది. మార్కెట్ నుంచి నేరుగా ఆమె దగ్గరికి పోయి, కుండ సంగతి చెప్పేశాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మధ్యాహ్నం తీసినావా? నేను తెల్లారుజామున తీసినా. మూడు దినాలూ. నా నోటి పాపమే బిడ్డకు తగిలిందని ఎవురికీ చెప్పలా."

వాడికి చెబుదామా అన్నాను.

"చెప్పు. గట్టిగా చెప్పాల, వాడికి వినపడదు" అని, అక్క కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.