ఒక్క పోటులో రక్తం

మా అక్క కూతురు ఇంటర్లో బైపీసీ చదివి, రెండేళ్ల ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసి, పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ కూడా తెచ్చుకుంది. ఆ మూడు కాగితాలూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఏడు నెలలు తిరిగింది. నేను పలకల ఫ్యాక్టరీలో లెక్క చూసేవాణ్ణి. ఊరికే ఉండలేక ల్యాబులు లెక్కపెట్టాను. మార్కాపురంలో తొమ్మిది, గిద్దలూరులో ఐదు. పద్నాలుగింటిలో ఖాళీ ఒక్కచోటే ఉంది.

ఆ ల్యాబు పెద్దాయన కాగితాలు చూసి పక్కన పెట్టాడట. రేపు పొద్దున మీవాళ్లనొకర్ని పరగడుపున తీసుకురా, ఒక్క పోటులో రక్తం తియ్యాలి, రెండోసారి గుచ్చితే ఉద్యోగం లేదన్నాడట. ఇంట్లో లావుపాటి నరాలున్నది నాకే. రెండు చేతులకూ కలిపి ఆరున్నాయి, ఆరింట ఒకటి దొరక్కపోదని పిల్లకు భరోసా ఇచ్చాను.

పరగడుపంటే మాకు తెలిసింది శుక్రవారం ఉపవాస ప్రార్థనే. చర్చిలో మధ్యాహ్నం మూడింటి దాకా నీళ్లు కూడా ముట్టం. అందుకని ముందు రోజు సాయంత్రం ఏడింటికి తినడం ముగించి, ఆ తర్వాత గుటక వెయ్యలేదు. మొత్తం పదమూడు గంటలు. పైగా ల్యాబుకు రెండు కిలోమీటర్లు నడిచే వెళ్లాను. నడిస్తే రక్తం బాగా తిరుగుతుందని నా లెక్క.

పెద్దాయన పక్కనే నిలబడ్డాడు. పిల్ల రబ్బరు పట్టీ బిగించి ఎడమ మోచేతి మడత తడిమింది. తర్వాత కుడిది. ఆరు నరాలూ ఎటు పోయాయో. పిల్ల నుదుటికి చెమట పట్టింది. నాకైతే చెమటకు కూడా నీళ్లు లేవు.

ఏదో ఒకచోట గుచ్చెయ్యమ్మా అన్నాను. ఆమె సూది మూత తియ్యకుండానే పక్కన పెట్టింది.

"మామా, నీళ్లు ఎప్పుడు తాగినావు?"

"నిన్న ఏడింటికి. పరగడుపు గదా."

"అన్నం వద్దన్నారు గానీ నీళ్లు ఎవరు వద్దన్నారు? ఇది ల్యాబు మామా, చర్చి గాదు."

రెండు గ్లాసులు తాగించి కూర్చోబెట్టింది. పెద్దాయన గడియారం చూస్తుంటే, ఈ ఉద్యోగం పోగొట్టింది నేనేనని ఖాయం చేసుకున్నాను. ముప్పై రెండో నిమిషంలో ఎడమచేతి నరం తేలింది. ఒక్క పోటు, అంతే.

పెద్దాయన ట్యూబు వైపు చూడనైనా లేదు.

"ముందు వచ్చిన ముగ్గురూ నరం దొరక్కపోయినా గుచ్చినారమ్మా. నువ్వు సోమవారం వచ్చెయ్."

ఇప్పుడు పరగడుపున రమ్మన్న ప్రతివాళ్లకూ, నీళ్లు మాత్రం తాగి రండని చెబుతుంది. ఎందుకని అడిగితే మా మామనడగండి అంటుందట. ఇప్పటికి నలుగురు వచ్చి నన్నడిగారు.