నాగూర్‌బీ చిమ్మిలి ముద్ద

మా అబ్బాయి పొద్దున్నే జిమ్ముకు పోయి వచ్చి, చిన్న బకెట్టంత ఉండే నల్ల డబ్బా మూత తీసి, కొలత చెంచాతో పొడి తీసి సీసాలో పోసుకుని గిలకొడతాడు. కండలకు మంచిదట. ఆ మూత తీసినప్పుడల్లా కాచిన పాలూ వేయించిన పిండీ కలిసినట్టు ఒక తియ్యటి వాసన వంటింట్లో కమ్ముకుంటుంది, నేను పొయ్యి మీద పోపు మాడబెట్టుకుంటాను. వాడు స్నానానికి పోగానే ఒక చెంచాడు అరచేతిలో వేసుకుని దొంగతనంగా నాకడం కూడా ఉంది, ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గేమిటి. నాకూ డాక్టరు రోజూ నడవమని చెప్పి, ఎముకలకొకటి, నరాలకొకటి, రక్తానికొకటి అని మూడు మాత్రలు రాశాడు. అవి మింగుతూ ఆ వాసన పీలిస్తే నాకు గుర్తొచ్చేది ఆరోగ్యం కాదు, నా పన్నెండో ఏట పుట్టి ఇప్పటికీ చావని కుళ్ళు.

మాది సత్తెనపల్లి దగ్గర ఊరు. కార్తీకంలో పత్తికాయలు పగిలి చేలన్నీ తెల్లబడితే, ఎండిన కాయల మొనలు గీసుకుని ఆడపిల్లల వేళ్ళ చివర్లు ఎర్రగా ఉండేవి. మాఘం దాటాక కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోస్తే ఊరు ఊరంతా తుమ్మేది, ప్రార్థన మధ్యలో పాస్టరుగారు కూడా తుమ్మి, ఏ మాట దగ్గర ఆగారో మరిచిపోయి మళ్ళీ మొదటినుంచీ అందుకునేవారు. క్రిస్మస్‌కు మా ఇంట్లో అమ్మ వండిన అరిసెలు వీధి వీధికీ వెళ్ళేవి, పీర్ల పండక్కి దూదేకులవాళ్ళ ఇళ్ళనుంచి బెల్లం, నెయ్యి కలిపి నలిపిన మలీదా ఆకుల్లో మా ఇంటికి వచ్చేది. అమ్మా నాన్నా ఇద్దరూ బళ్ళో పాఠాలు చెప్పేవాళ్ళు కాబట్టి మాకు ఏడాది పొడుగునా వరన్నమే. ఎండు మిరపకాయ కాల్చి నూరిన గోంగూర పచ్చడితో జొన్నన్నం తినే పిల్లల్ని చూస్తే నాకు నోరూరేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

మా వీధి చివర ఇల్లు నాగూర్‌బీ వాళ్ళది. వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు, వాళ్ళమ్మ చేలల్లోకి కూలికి పోయేది. నాగూర్‌బీ నాకంటే మూరెడు పొట్టి, పుల్లలాంటి కాళ్ళు, పాత లంగా ఎగదోపుకుని పరిగెత్తిందంటే దాని మడమలు తప్ప ముఖం ఎవరికీ కనిపించేది కాదు. తొక్కుడుబిళ్ళలో నేనే గెలిచేదాన్ని, లెక్కల్లో నేనే, పద్యాలు అప్పజెప్పడంలో నేనే. పరుగులో మాత్రం ప్రతిసారీ అదే. వీటన్నిట్లో నాకు కావలసింది ఆ ఒక్కటే అయింది. మడమలు చూస్తూ పరిగెత్తడం ఎంత మంటో వెనకబడ్డవాళ్ళనే అడగాలి. అది కాలికి ముల్లు గుచ్చుకుని కుంటితే ఆ రెండు రోజులూ నేను కడుపునిండా అన్నం తిన్నాను, అదీ నా స్నేహం.

ఏడో తరగతిలో ఉండగా డ్రిల్లు మాస్టారు ఒక కబురు తెచ్చారు. సత్తెనపల్లిలో జరిగే పోటీలో మొదట వచ్చిన ఆడపిల్లకు గుంటూరులో ఆటల హాస్టల్లో సీటు ఇస్తారట, చదువూ తిండీ అంతా వాళ్ళదేనట. మా బడినుంచి నన్నూ నాగూర్‌బీనీ పంపుతామన్నారు. నాన్న ఆ సాయంత్రమే సైకిలెక్కి పట్నం పోయి పాలల్లో కలుపుకునే బలం పొడి డబ్బా కొనుక్కొచ్చారు. డబ్బా మీద కప్పు పట్టుకుని నవ్వుతున్న పిల్లవాడి బొమ్మ ఉండేది. పొద్దునొక గ్లాసు, సాయంత్రమొక గ్లాసు, రెండేసి చెంచాలు, అమ్మ చెంచా మీద పొడిని వేలితో చదును చేసి మరీ వేసేది. ఇన్ని తాగినా పది రోజుల తర్వాత మళ్ళీ నా కళ్ళముందు అవే మడమలు.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. నాగూర్‌బీ తెల్లారగట్లే వాళ్ళమ్మతో పత్తి తీతకు పోయి, గంట కొట్టే వేళకు చేలోంచి నేరుగా బడికి వచ్చేది. లంగా చెంగున ఒక మూట, మొదటి విరామంలో విప్పితే నల్లగా నిగనిగలాడే చిమ్మిలి ముద్ద. వాళ్ళ నానమ్మ సైదమ్మ దంచి ఇచ్చేది. రహస్యం దీంట్లోనే ఉందని ఒకరోజు నేను వాళ్ళింటికి పోయి గడపలో కూర్చుని కాపలా కాశాను. సైదమ్మ నల్ల నువ్వులు దోరగా వేయించి, రోట్లో వేసి, బెల్లం చిదిపి, నూనె చేతికి అంటేదాకా దంచి, ముద్దను ఒక అరచేతిలోంచి ఇంకో అరచేతిలోకి ఎగరేస్తూ గుండ్రంగా చేసింది. అంతే, ఇంకేమీ కలపలేదు.

"ఏందే కరుణా, అట్టా గుడ్లప్పగించి చూస్తన్నావ్? నీకూ ఒకటి పెట్టనా?" అంది.

వద్దన్నాను. అడుక్కుని తింటే దాని బలం నాకు వస్తుందా? దాని ముద్దే కావాలి, దాని చేతిలోదే.

మర్నాటినుంచి బేరం మొదలుపెట్టాను. నోటుబుక్కు కాయితంలో రెండు చెంచాల పొడి పొట్లం కట్టి తీసుకుపోయి, చిమ్మిలి ముద్ద ఇస్తే ఇస్తానన్నాను. నాగూర్‌బీ ఆ పొడిని వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నప్పుడు దాని కళ్ళు మూతపడటం నాకు ఇంకా గుర్తే. వాళ్ళింట్లో పాలు ఎక్కడివి? రెండు వేళ్ళు నాకి, మిగతాది జాగ్రత్తగా మడిచి చంటి చెల్లెలి కోసం దాచుకుపోయేది. నేనేమో వేపచెట్టు వెనక నిలబడి దాని ముద్ద తినేదాన్ని. అలా ఎనిమిది రోజులు. ఆ ముద్దే దానికి పొద్దుటి తిండి అనీ, అది తినకపోతే ఇంటికి పోయి జొన్నన్నం తినేదాకా మంచినీళ్ళేననీ నాకు తెలియదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసు. బళ్ళో అందరికీ తెలుసు.

పోటీ రోజున మా అమ్మ ఇడ్లీ పెట్టి, గ్లాసుడు పాలు తాగించి పంపింది. నాగూర్‌బీ మూటలో ఆ రోజు రెండు ముద్దలున్నాయి, మామూలుకంటే పెద్దవి. బస్సులో నా పక్కన కూర్చుని ఒకటి చేతిలోకి తీసుకుంది. నేను సంచీలోంచి డబ్బానే తీశాను, అడుగున ఇంకా గుప్పెడు పొడి ఉంది.

"రెండూ ఇయ్యి. డబ్బాతో సహా తీసుకో" అన్నాను.

"ఇయ్యాలొద్దే. నానమ్మ తిట్టుద్ది. పరిగెత్తే ముందు తినమంది."

"అయితే ఇంకెప్పుడూ ఇవ్వను పో. మీ చెల్లి ఏడిస్తే నాకేం?"

అది డబ్బా మూత తీసి లోపలికి చూసింది. తర్వాత రెండు ముద్దలూ నా ఒళ్ళో పెట్టి డబ్బా తీసుకుంది. నేను రెండూ తినేశాను, రెండోది తినలేక తినలేక తిన్నాను.

ఎండ ముదిరాక మా పరుగు మొదలైంది. మైదానం చుట్టూ రెండు చుట్లు. మొదటి చుట్టులో ఎప్పటిలాగే దాని మడమలే నా ముందు. రెండో చుట్టు మలుపులో ఆ మడమలు ఒకదానికొకటి తగులుకున్నాయి. నాగూర్‌బీ పడలేదు, ఎవరో భుజాలు పట్టి కూర్చోబెట్టినట్టు నెమ్మదిగా నేల మీద కూర్చుండిపోయింది. దాన్ని దాటుతూ పరుగులో మొదటిసారి దాని ముఖం చూశాను, పెదవులు తెల్లగా ఉన్నాయి. ఆగలేదు. ఆగకపోగా నా కాళ్ళకు ఎక్కడ లేని బలం వచ్చింది. అది నువ్వుల బలమూ కాదు, పొడి బలమూ కాదని ఇప్పుడు తెలుసు.

సీటు నాకే వచ్చింది. తీరా గుంటూరు పోతే నాకంటే వేగంగా పరిగెత్తేవాళ్ళు అక్కడ నలభై మంది. అమ్మ మీద బెంగతో మూడు నెలలు కూడా నిండకుండా ఏడ్చి ఏడ్చి ఇంటికి వచ్చేశాను. ఆ ఖాళీలోకి మా ఊరినుంచి ఇంకెవరినీ పిలవలేదు. నేను వచ్చేసరికి నాగూర్‌బీ బడి మానేసి, పూర్తిగా పత్తి తీతకు పోతోంది. చేలగట్ల మీద అది ఆడవాళ్ళందరికంటే ముందు విసవిసా నడిచిపోతుంటే చూసి, సిగ్గులేకుండా మళ్ళీ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

పోయిన నెల పాత పరుపు విప్పి దూది ఏకించుకుందామని చిలకలూరిపేట వెళ్ళాను. కొట్టు మూడో మెట్టుకే మోకాళ్ళు పట్టుకుని నిలబడిపోయిన నన్ను దాటుకుని, నా పరుపును ఒంటిచేత్తో ఎత్తి లోపల పడేసిన మనిషి వెనక్కి తిరిగి, "కరుణా?" అంది. నాగూర్‌బీ. ఆ కొట్టు వాళ్ళ కొడుకుది. జుట్టు ముగ్గుబుట్ట అయింది గానీ నడుము వంగలేదు, ఒక్క మాత్ర మింగి ఎరగదట. ముందు నాకు సంతోషం కాదు, కడుపుమంటే కలిగింది. టీ తెప్పించింది. చిమ్మిలి సంగతి ఎత్తితే, "ఇప్పుడెవరు దంచుతారే? నానమ్మతోనే పోయింది. రోలు కూడా ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో వేశారు" అంది. నువ్వుల ఉండలు అంగట్లో బంగారు కాయితం చుట్టి అమ్ముతున్నారని చెబితే నవ్వింది. మా ఊళ్ళో ఇప్పుడు పిల్లలెవరూ చేలోంచి నేరుగా బడికి రారట. ఆ పద్ధతి మాత్రం పోవడమే మంచిదైంది.

ఇన్నేళ్ళూ మోసిన మాట చెప్పేద్దామని నోరు తెరిచాను. "ఆ రోజు బస్సులో..." అన్నాను.

అది గ్లాసు కింద పెట్టింది. "ఒకటి అడగనా?" అంది. "ఆ హాస్టల్లో తినడానికి ఏం పెట్టేవాళ్ళు?"

చెప్పాను. పొద్దున గుడ్డు, గ్లాసుడు పాలు, సాయంత్రం అరటిపండు.

"గుడ్డు రోజూనా?"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. అది నా గొంతు, నాగూర్‌బీ నోట్లోంచి వినడం అదే మొదటిసారి.

"రోజూ" అన్నాను. వాసన పడక ఆ గుడ్డు రోజూ పక్కమ్మాయికి ఇచ్చేసేదాన్నని చెప్పలేకపోయాను.