టోయివో లెక్కపెట్టే వంద

టోయివో కంగాస్ పరిశోధనశాల శీతలగది తలుపు తట్టకుండా తెరిచిన రోజు ముప్పై నాలుగేళ్ళలో ఒక్కటీ లేదు. మూడుసార్లు తట్టి, "లోపలివాళ్ళకి తొందరేం లేదు" అని, పైకే వంద లెక్కపెట్టి, అప్పుడు లాగేవాడు. లోపల ఉండేవి పోయిన రోగుల నెత్తురు, కండముక్కలు.

"ఎవరైనా పలికారా, తాతా?" అనేవారు కుర్రాళ్ళు.

"పలికితే నీ పేరు చెబుతాలే."

నవ్విన ఆ కుర్రాళ్ళే తర్వాత ఒంటరిగా లోపలికెళ్ళడానికి జంకేవారు.

అలాగని ఆయన్ని వెర్రివాడనుకోకండి. మిషిగన్ ఉత్తరపు అడవుల్లో ఒంటిగది బడిలో చదివిన మనిషి, నాలుగు వేల గాజుపలకల మీద యంత్రంతో పరీక్షచుక్కలు వేయించి ఒక్కటీ పగలగొట్టలేదు. పెద్ద డిగ్రీలవాళ్ళు కూడా ఆయన్ని అడిగాకే ఆ యంత్రం మీట నొక్కేవారు.

అక్కడ పరిశోధన చేస్తున్న రెన్‌స్కె డాక్టరేట్ పట్టా ఒక్క పలక మీద ఆధారపడి ఉంది. చనిపోయిన ఒకాయన కండముక్క చిదిపి, ప్రోటీన్లను ద్రవంలోనే వేరుచేసి, గుంటల పళ్ళెంలో నింపి, గాజు మీద చుక్కలుగా అద్దించింది. రెండు నెలల పని. ఇంకో ముక్క లేదు. ఆయన నెత్తుటి తేట పోస్తే, అది గుర్తుపట్టిన చుక్కలు చీకట్లో వెలగాలి.

వెలిగాయి. కానీ వెలిగినవి, సరిచూసుకోడానికని ఆమె ఉత్త నీళ్ళు పోసిన గుంటల చుక్కలు. ఏమీ లేనిచోట ఎవరో కళ్ళు తెరిచి చూస్తున్నట్టుంది.

ఆమె శీతలగదిలోకి పోయి తలుపు మూసుకుంది. ఫ్యాను ఆగి ఆగి మూలుగుతోంది. చెంపల మీద కన్నీళ్ళు చల్లబడుతున్నాయి. ఇంతలో టక్, టక్, టక్.

"లోపలివాళ్ళకి తొందరేం లేదు. ఒకటి... రెండు..."

ముప్పై దగ్గర ముఖం తుడుచుకుంది. అరవై దగ్గర ముక్కు చీదింది. బయట లెక్క ఇంకా నెమ్మదించింది. తొంభై దగ్గర ఆమెకు తట్టింది: ఆ భవనంలో తలుపేసుకుని ఏడవడానికి ఉన్న చోటు ఇదొక్కటే.

టోయివో లోపలికొచ్చి సీసాలకేసే చూస్తూ అన్నాడు. "యంత్రంలో పళ్ళెం తిప్పి పెట్టావమ్మాయ్. మొదటి మూలన వెలగాల్సిన గుర్తుచుక్క ఆఖరి మూలన వెలుగుతోంది. పలక బొమ్మ తిప్పి చూసుకో, వెలగాల్సినవన్నీ వెలిగే ఉన్నాయి."

"ఎప్పుడు చూశారు?"

"తలుపు తట్టకముందే."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"ముక్కు చీదేవాళ్ళకి ఏం చెప్పినా బుర్రకెక్కదు."

ఆ వసంతంలో ఆమెకు పట్టా వచ్చింది. టోయివో ఉద్యోగానికి ఆఖరి రోజున ఆయన ఎక్కడా కనబడలేదు. రెన్‌స్కె శీతలగది దాకా వెళ్ళి మూడుసార్లు తట్టింది. లోపల ఎవరో గట్టిగా ముక్కు చీదారు.

ఆమె రెండు వందల దాకా లెక్కపెట్టింది.