రేణుకమ్మ ఫోన్‌లో వైరస్ లేదు

ఇబ్రహీంపట్నంలో చిన్న వ్యాపారులకు పూజిత ఏడేళ్లుగా వెబ్‌సైట్లు చేసిపెడుతోంది. తుర్కయాంజాల్ దగ్గర మొక్కల నర్సరీ నడిపే నాగయ్య సైటు కూడా ఆమె చేసిందే. తన పని మీద ఆమెకు గట్టి నమ్మకం.

ఒక సోమవారం, ఆమె వీధిలోనే జాకెట్లు కుట్టే రేణుకమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది.

"గులాబి మొక్కలు చూద్దామని నాగయ్య సైట్ తెరిస్తే పేకాట వస్తున్నదేంది బిడ్డా? ఏదో యాప్ దింపుకోమంటున్నది."

పూజిత తన కంప్యూటర్‌లో సైటు తెరిచింది. గులాబీలు, మామిడి అంట్లు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"సైట్ మంచిగనే ఉన్నదక్కా. నీ ఫోన్లనే వైరస్ పడ్డది. షాపుల ఇచ్చి మొత్తం తుడిపియ్యి."

రేణుకమ్మ అలాగే చేయించింది.

గురువారం నాగయ్య ఫోన్ చేశాడు. "కోహెడ నుంచి ఒకాయన, అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఇద్దరు గదే చెప్తున్నరు. అందరి ఫోన్లు ఒక్కపారే ఖరాబైతయా?"

పూజిత ఈసారి తన ఫోన్‌లో నర్సరీ పేరు సెర్చ్ చేసి, వచ్చిన లింక్ నొక్కింది. పేకాట! సైటు అడ్రస్ నేరుగా టైపు చేసింది. గులాబీలు. మళ్లీ సెర్చ్ నుంచి వెళ్లింది. మళ్లీ పేకాట.

సర్వర్‌లో ఫైళ్లు తెరిచి చూసింది. ఎవరో చొరబడి నాలుగు వరుసల కోడ్ చేర్చారు. సెర్చ్ ద్వారా ఫోన్‌లో వచ్చేవాళ్లను మాత్రమే అవి పేకాట పేజీకి మళ్లిస్తున్నాయి. ఫైలు మారి పంతొమ్మిది రోజులైంది. తాను ఎన్నాళ్లుగానో అప్‌డేట్ చేయని, సైటులోని ఆర్డర్ ఫారమ్ గుండానే వాళ్లు దూరారు. చెడింది చూసేవాళ్ల ఫోన్లు కాదు, తన సైటు.

సైటు ఆపేసి, చొరబాటుకు ముందటి కాపీ పెట్టి, ఫారమ్ అప్‌డేట్ చేసి, పాస్‌వర్డులన్నీ మార్చింది. ఆ యాప్ దింపుకున్నవాళ్లకు మాత్రం ప్రమాదమే. దాన్ని వెంటనే తీసేయమని సైటు మీద రాస్తానని నాగయ్యకు ఫోన్ చేసి చెప్పింది.

"గట్ల రాస్తే నా తాన మొక్కలెవరు కొంటరు?" అన్నాడు నాగయ్య.

"రాయకుంటె వాళ్లకు ఎట్ల తెలుస్తదన్నా?" అని రాసేసింది.

తర్వాత రేణుకమ్మ ఇంటికి వెళ్లింది. "నీ ఫోన్ల ఏం లేకుండె అక్కా. సరిగ చూడకుండ చెప్పిన. తప్పు నాదే."

రేణుకమ్మ మిషన్ ఆపి, అర్థం కానట్టు చూసింది. "నలభై మంది కొలతలు ఫోటోలు తీసి అండ్లనే పెట్టుకుంటి గదనే, తుడిపిస్తె అన్నీ పాయె!"

"వాళ్లకు నేనే ఫోన్ చేసి పిలుస్తనక్కా."

"నంబర్లు ఏడున్నయ్? అవి గూడ పాయె!"

రేణుకమ్మే కొలతల టేపు మెడలో వేసుకుని లేచింది. "నడువ్. నేను కొలుస్త, నువ్వు రాయి."

ఆ సాయంత్రం తొమ్మిదిళ్లు తిరిగారు. మళ్లీ కొలతలెందుకని అడిగిన ప్రతి గుమ్మంలోనూ పూజితే జవాబు చెప్పుకుంది.