జలంత్రకోట స్టాపు దాటిపోయింది

నేను సోంపేటలో బట్టలు కుడతాను. తీరిక దొరికితే కథలు రాస్తాను. రచయితలంతా ఒకే కుటుంబమని సభల్లో అంటుంటే నాకు లోపల నవ్వొచ్చేది. ఎవరి కథ వాళ్ళు చదువుకుని వెళ్ళిపోవడమే నేను చూసింది.

ఆమధ్య కాశీబుగ్గలో కథల సభ పెట్టారు. పెద్దవాళ్ళు ముందు, కొత్తవాళ్ళు చివర అన్నది అక్కడి పద్ధతి. నా వంతు వచ్చేసరికి సాయంత్రమైపోయింది. తుపానుకు కొబ్బరితోట మొత్తం పోయిన ఒక ముసలి రైతు కథ నాది. సగం చదివానో లేదో, సోంపేట ఆఖరి బస్సు టైమైందని ముందు వరసలో ఒకాయన లేచాడు. ఆయన వెనకే అందరూ లేచారు. ఖాళీ కుర్చీల ముందు నిలబడి కాగితాలు మడిచేశాను.

నేనెక్కాల్సిందీ ఆ బస్సే. తల వంచుకుని ఎక్కితే, మొదట లేచినాయనే జరిగి చోటిచ్చాడు. ఆయన సోంపేటకు ముందు వచ్చే జలంత్రకోటలో కొబ్బరి రైతు, పద్యాలు రాస్తాడు.

“ఏటమ్మా, ఆ ముసిలోడు మళ్ళీ మొక్క పాతినాడా నేదా? సెప్పకుండా ఒగ్గేసినావు.”

“మీరే కదండీ ముందు లెగిసిపోయినారు!” అన్నాను కోపంగా.

“బస్సు పోతే ఇంటికెలా ఎల్తాం? ఇప్పుడు సదువు.”

ఇంజను మోత మీద గొంతు పెంచి చదివాను. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. జలంత్రకోట వచ్చింది. కండక్టరు పిలిచినా ఆయన లేవలేదు.

సోంపేట వచ్చేసరికి కథ అయిపోయింది. బాగుందని ఆయన అనలేదు. దిగి, వెనక్కి వెళ్ళే ఆటో కోసం రోడ్డు దాటాడు.

కుటుంబం అన్న మాటకి నేను ఇప్పటికీ చప్పట్లు కొట్టను. కానీ ఏ కథ రాసినా, దీనికోసం ఒక మనిషి తన స్టాపు వదులుకుంటాడా అని చూసుకుంటాను.