ఉండమ్మా, పరుగెత్తకు

మొన్న మేముండే టోవా పాయో పేటలో ఒక కాఫీ షాపు గోడ మీద పాత ఫొటో చూశాను. బేస్‌బాల్ కొత్తగా పుట్టిన రోజుల్లో అమెరికాలో జరిగిన మ్యాచ్ అట. స్కోరు బోర్డులో ఒక జట్టుకి పాతిక పైచిలుకు పరుగులు, రెండో జట్టు వరసంతా సున్నాలు. జీతాలకు ఆడినవాళ్ళకే ఆ గతి పట్టింది. నా కాఫీ చల్లారిపోయింది.

చిన్నప్పుడు మా స్కూల్ సాఫ్ట్‌బాల్ టీమ్‌కీ ఎప్పుడూ సున్నాలే; అదీ బేస్‌బాల్ లాంటి ఆటే. ఒక రోజు మ్యాచ్‌లో ఒక్క పరుగైనా రాకపోతే టీమ్‌నే ఎత్తేస్తామన్నారు. చివరి బ్యాటింగ్ నాది. కంచె అవతల నాన్న నిలబడ్డాడు. గుంటూరు వీధి క్రికెట్ తప్ప మరో ఆట ఎరగడు. మా అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద నాకు బ్యాట్ పట్టడం నేర్పింది ఆయనే.

"దేవుడా, ఒక్కటంటే ఒక్కటి" అనుకుంటూ ఊపాను. బంతి తగిలింది! కాస్త దూరం దొర్లి ఆగింది.

"రన్ లా! రన్!" కోచ్ అంకుల్ ఇక్కడి యాసలో గొంతు చించుకున్నాడు.

"ఉండమ్మా, పరుగెత్తకు! రనౌట్ అయిపోతావ్!" నాన్న అంతకంటే గట్టిగా అరిచాడు.

నేను బ్యాటు నేలకానించి కదలకుండా నిలబడ్డాను. ఆ ఆటలో బంతి తగిలాక పరుగెత్తి తీరాలి. ఔటిచ్చారు. మ్యాచ్ పోయింది, టీమూ పోయింది.

"క్రీజు దాటందే ఔటెలా ఇస్తారమ్మా?" అంటూ ట్రైన్లో నాన్న ఇంటిదాకా గింజుకున్నాడు. అంపైర్ మోసం చేశాడని నేనూ వెక్కివెక్కి ఏడ్చాను.

అంతా ఓడిపోయిన ఆటలో ఆయన ఒక్కడే నా వికెట్ కాపాడుతున్నాడు.