ఖాళీ గిన్నెలో గంధకం

కళాశాల వాదపోటీల్లో నేను ఓడినప్పుడల్లా న్యాయనిర్ణేతలే పొరబడ్డారని నమ్మేదాన్ని. ఆ నమ్మకం చెక్కుచెదరకుండానే వేలూరు పక్కన ఒక ఉక్కు పోత కర్మాగారపు ప్రయోగశాలలో చేరాను. ఉక్కులో గంధకం ఎంతుందో కొలవడం నా పని. చిన్న పింగాణీ గిన్నెలో లోహపు తురుము వేసి యంత్రంలో మండిస్తే తెరపై ఒక అంకె వస్తుంది. గంధకం లేశమంత మితిమీరినా పోత పగులుతుంది.

ఒక ఉదయం అంకె హద్దు దాటింది. కొలిమి దగ్గర పనిచేసే పెద్దాయన చెడ్డ తుక్కు ఇనుము కరిగించాడని మేనేజరు తేల్చేసి, ఆయన్ని కొలిమి నుంచి తప్పిస్తానన్నారు. ఆయనకు తెలిసిన పని అదొక్కటే.

ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

“తుక్కు నేనే ఏరి ఏసినానమ్మా. ఇంకొకతూరి చూడు.”

“అంకె నచ్చలేదని మళ్లీ కొలవడం న్యాయం కాదండీ. ఆధారంతో బేరమాడకూడదు.”

“బేరం యాడ ఆడినాను? సరి, నా ఉక్కు వద్దు. సుమ్మా ఉత్త గిన్నె పెట్టు. ఏం వస్తాదో చూస్తాం.”

గిన్నెలోనే గంధకం లేదని తేల్చుకోవడానికి ఉత్త గిన్నెను కాల్చి చూడడం రోజూ నేను చేయవలసిన మొదటి పని. పళ్ళికొండ దగ్గర బస్సు ఆగిపోయి ఆలస్యమైనందున ఆ రోజు మానేశాను. ఆ సంగతి దాచి, ప్రత్యర్థి వాదాన్ని ఖండించే గాంభీర్యంతో గిన్నె పెట్టాను. ఏమీ లేని గిన్నెలో గంధకం కనిపించింది.

“పట్టకారు ఈడే ఉండాది. నువ్వు చేత్తో ఎత్తినావు” అన్నాడాయన. “పొద్దున ఏం పని చేసినావమ్మా?”

“గుడియాత్తంలో మా పిన్ని అగ్గిపెట్టెలు నింపుతుంది. కాస్త సాయం చేశాను.”

“చేతులు కడిగినావా?”

“దుపట్టాకు తుడుచుకున్నాను.”

అంత బలహీనమైన వాదన నేను ఏ వేదిక మీదా వినిపించలేదు. అగ్గిపుల్లల మందులోని గంధకాన్ని నా వేళ్లతో మోసుకొచ్చి, ఆయన ఉక్కుకు అంటగట్టాను.

చేతులు కడుక్కుని, కొత్త గిన్నెలను కాల్చి, పట్టకారుతో పెట్టి మళ్లీ కొలిచాను. ఉక్కు నిర్దోషి. ఇద్దరం మేనేజరు గదికి వెళ్లాం.

“ప్రయోగ విధానంలో అనివార్యంగా తలెత్తిన ఒక లోపం...” అని మొదలుపెట్టాను.

“అదంతా వద్దమ్మా” అన్నాడు పెద్దాయన. “ఎవురు చేసినారో చెప్పు.”

“నేనే చేశాను.”

మేనేజరు ఆయన్ని మళ్లీ కొలిమి పనికే వెళ్లమన్నారు. మూడు అంశాలుగా విభజించుకున్న క్షమాపణతో నేను కొలిమి దాకా వెంట నడిచాను. మొదటి అంశం పూర్తికాకముందే, “వేడి తగులుతాది, అట్ల జరుగమ్మా” అని ఆయన కరిగే ఉక్కు వైపు తిరిగాడు.